గెజిట్టులో పేరెక్కని కథానాయకుడు

ఈ సంవత్సరం ఉగాది ఉత్సవానికి ఏమేమి కార్యక్రమాలు పెట్టాలో నిర్ణయించడానికి మన సంఘం కార్యవర్గం కూడినప్పుడు ఒక చిన్న తగవు వచ్చింది. పంచాంగ శ్రవణం, పిల్లల పాటలు, పులిహోర పొట్లాలు, ఆ తరువాత హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను. ఇది మనకు అలవాటైన వరుస. మేము లేచి, ఈసారి కాటిసీనుతోపాటు ఆత్రేయగారి "ఎన్.జి.ఓ." నాటకంలో కొంత భాగం కూడా వేద్దామని మనవి చేసినాము. వెంటనే సంఘంలో అందరికంటె పెద్దవారైన ఒక సభ్యులు నవ్వి ఇట్లా అన్నారు:

"బాబూ, హరిశ్చంద్రుడంటే చక్రవర్తి. అంతటివాడు కాటికాపరి అయినాడంటే రాయి కూడా కరుగుతుంది. గుమాస్తాకు పడడానికి ఎత్తేదీ? జీతం చాలక ఏడ్చేవాణ్ణి చూడడానికి టెంటూ మైకూ ఎందుకు? నెలాఖరున మన ఇళ్లల్లో ఉన్నదే కదా!"

అందరూ నవ్వినారు. మేమూ నవ్వినాము. కాని ఇంటికి వచ్చి పడుకున్న తరువాత ఆ మాట వదలలేదు. మేము రైల్వేలో బుకింగు గుమాస్తాగా పనిచేస్తున్నాము. చదువు మెట్రిక్యులేషనుతో ఆగిపోయినది. నాటకశాస్త్రంలో మాకు పాండిత్యం లేదు. అయినా డ్యూటీ లేని వేళల్లో చదువుకున్నదీ, పెద్దల వల్ల విన్నదీ కలిపి, ఆ పెద్దాయన ప్రశ్నకు సమాధానం వెతకడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. పండితులైన పాఠకులు తప్పులున్న మన్నింతురు గాక.

నిజానికి ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. దీని వయస్సు రెండు వేల మూడు వందల ఏళ్ల పైమాట. గ్రీకు దేశంలో అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో విషాదాంత నాటకానికి నాయకుడెట్లా ఉండాలో చెప్పినాడు. గొప్ప పేరూ ఐశ్వర్యమూ ఉన్నవాడై ఉండాలి. మరీ పుణ్యాత్ముడూ కారాదు, మరీ దుర్మార్గుడూ కారాదు. ఏదో ఒక పొరపాటు వల్ల పడిపోవాలి. ఈడిపస్ రాజును ఉదాహరణగా చూపించినాడు. ఎత్తున ఉన్నవాడు పడితేనే చప్పుడు అవుతుందని సారాంశం. మన పెద్దాయన అరిస్టాటిల్‌ను చదివి ఉండరు. కాని ఇద్దరూ ఒక్క మాటే అన్నారు.

మన భరతముని శాస్త్రం దారి వేరు. ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు అని నాయకులు నాలుగు విధాలు. "ప్రకరణం" అనే రూపకభేదంలో వర్తకుణ్ణీ, బ్రాహ్మణుణ్ణీ, మంత్రినీ కూడా నాయకుణ్ణి చేయవచ్చునని పూర్వులు ఒప్పుకున్నారు. మృచ్ఛకటికంలో చారుదత్తుడు అట్టివాడే. దానాలు చేసి చేసి దరిద్రుడైపోయినవాడు; మిత్రులు మొహం చాటు చేసుకుంటుంటే సిగ్గుతో కుంగిపోయినవాడు. సంస్కృత నాటకాల్లో మాకు అందరికంటె దగ్గరివాడనిపించేది అతడే. అయితే నాటకం ముగిసేసరికి వధ్యస్థానం దాకా పోయిన చారుదత్తుడికి ప్రాణమూ, ప్రియురాలూ, పదవీ అన్నీ దక్కుతాయి. నాయకుడు చనిపోవడం రంగంమీద చూపరాదని శాస్త్రం. భాసుడి ఊరుభంగం వంటివి ఎక్కడో గాని లేవు. ఆ ఊరుభంగంలో తొడలు విరిగి నేల మీద పడినవాడు కూడా దుర్యోధన మహారాజే.

ఇక హరిశ్చంద్ర సంగతి. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు సత్యహరిశ్చంద్రీయం రాసినది 1912 ప్రాంతంలో. తెలుగువాడు ఎక్కడికి పొట్ట చేతబట్టుకొని పోయినా అక్కడ ఈ నాటకం పోయినది. డి.వి. సుబ్బారావుగారి కాటిసీను పద్యాలు గ్రామఫోను పెట్టెల్లోనూ, తరువాత టేపురికార్డర్లలోనూ, ఇప్పుడు సెల్‌ఫోనుల్లోనూ మోగుతున్నాయి. ఇంత ఆదరణ దేనికి? పద్యాలు మధురమైనవే, రాగాలు గొప్పవే. కాని మాకు తోచినదేమంటే, ఆ కథ పైకి రాజుది, లోపల అప్పులవాడిది. బాకీ తీర్చడానికి గడువు పెట్టుకున్నాడు. వసూలుకు నక్షత్రకుడు వెంటబడినాడు. భార్యను కాలకౌశికుడికి అమ్మినాడు, తన్ను తాను వీరబాహుడికి అమ్ముకున్నాడు, శ్మశానంలో కూలికి నిలబడినాడు. కన్నకొడుకు శవానికి కూడా కాటిసుంకం అడగవలసి వచ్చింది. బాకీ వసూలుకు వచ్చి గుమ్మం వదలనివాణ్ణి ఇప్పటికీ "నక్షత్రకుడిలా పట్టుకున్నాడు" అంటాము గదా! ఆ మాట రాజుల కోటల్లో పుట్టినది కాదు. కూలివాడూ, గుమాస్తా, కౌలు రైతూ రాత్రంతా మంచులో కూర్చుని ఆ కాటిసీను చూచి ఏడ్చినది తమ సంసారాన్ని తలచుకునే. కాని ఏడ్చిన తరువాత ఒక ఊరట ఉన్నది. తెల్లవారేసరికి విశ్వామిత్రుడు వస్తాడు, లోహితుడు లేస్తాడు, అంతా పరీక్షేనని తేలుతుంది, రాజ్యం తిరిగి వస్తుంది. చూచినవాళ్లు కళ్లు తుడుచుకొని ఇళ్లకు పోతారు. వాళ్ల బాకీలు మాత్రం పరీక్షలు కావు.

తెలుగు రంగస్థలం మీద కథను విషాదంగా ముగించే ధైర్యం మొదట చేసినవారు బళ్లారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు. వారి "విషాద సారంగధర" 19వ శతాబ్దం చివరి రోజులది. బళ్లారి ఇప్పుడు కర్ణాటకంలో ఉన్నది. తెలుగు నాటకంలో ఈ కొత్త మలుపు మన రాష్ట్రపు నేటి సరిహద్దుల బయట జరిగిందని, ప్రవాసాంధ్రులమైన మనం కొంచెం గర్వంగానే చెప్పుకోవచ్చును. అయితే ఆ సారంగధరుడూ రాజరాజనరేంద్రుడి కుమారుడే. మామూలు సంసారి ఇంట్లో నిజమైన చావు రంగంమీదికి రావడానికి కాళ్లకూరి నారాయణరావుగారి "వరవిక్రయం" దాకా ఆగవలసి వచ్చింది. అది 1920ల నాటకం. తన పెళ్లికి తండ్రి కట్నం కోసం పొలం అమ్ముకోవలసి వచ్చిందని కాళింది బావిలో పడి చనిపోతుంది. ఆమె రాజకుమార్తె కాదు, పక్కింటి పిల్ల. ఆ నాటకంలో హాస్యం చాలా ఉన్నది, సింగరాజు లింగరాజు పిసినారితనానికి జనం పొట్ట చెక్కలయ్యేటట్లు నవ్వేవారు. కాని కాళింది చావును ఏ దేవుడూ వచ్చి సరిదిద్దడు.

ఇప్పుడు గుమాస్తా దగ్గరకు వద్దాము. అసలు ఈ ప్రాణి మన దేశంలో ఎప్పుడు పుట్టినాడు? కరణాలూ, లేఖకులూ పూర్వం నుంచీ ఉన్నారు. కాని వాళ్లకు మాన్యాలుండేవి, ఊరుండేది. కలెక్టరు కచ్చేరీలూ, కోర్టులూ, రైలు ఆఫీసులూ వచ్చిన తరువాతనే, సొంత ఊరు విడిచి, నేల లేకుండా, నెల జీతమే నేలగా బతికే మనిషి తయారైనాడు. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆ జీతపు నేల కాళ్ల కింద కుంగిపోయింది. ధరలు పెరిగినాయి, రేషను వచ్చింది, కిరసనాయిలుకు కూడా వరుసలో నిలబడవలసి వచ్చింది. 1946లో వరదాచారియారుగారి అధ్యక్షతన కేంద్రోద్యోగులకు మొదటి వేతన సంఘం వేసినారు. కరువుభత్యంతో కలిపి అన్నిటికంటె కింది నౌకరుకు నెలకు 55 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని ఆ సంఘం 1947లో చెప్పినది. ఇది కేంద్ర ప్రభుత్వం వారి నౌకర్ల మాట. రాష్ట్ర ప్రభుత్వాల కింది గుమాస్తాల ఇక్కట్లు వేరు.

ఆ రోజుల్లోనే, 1940ల చివర, కిళాంబి వేంకట నరసింహాచార్యులుగారు, అంటే మన ఆచార్య ఆత్రేయ, "ఎన్.జి.ఓ." నాటకం రాసినారు. "గుమాస్తా" అన్నది దాని మరో పేరు. ఆత్రేయ అనగానే మన ఇళ్లల్లో సినిమా పాటలు గుర్తుకు వస్తాయి. పాటల కంటె ముందు ఆయన నాటకకర్త. నాటకకర్త కంటె ముందు గుమాస్తా. 1921లో నెల్లూరు జిల్లా సూళ్లూరుపేట ప్రాంతపు మంగళంపాడులో పుట్టినారు. 1942 ఉద్యమంలో చదువు వదిలి జైలుకు వెళ్లినారు. తరువాత పొట్టకూటికి నెల్లూరు మునసబు కోర్టులోనూ, తిరుత్తణి సెటిల్‌మెంటు ఆఫీసులోనూ పనిచేసినారు. "జమీన్ రైతు" పత్రికలోనూ కొన్నాళ్లు ఉన్నారు. ఫైళ్ల దుమ్ము ఊహించి రాసినవాడు కాదు, పీల్చి రాసినవాడు.

ఆ నాటకం పేరు చూడండి. ఎన్.జి.ఓ. అంటే నాన్ గెజిటెడ్ ఆఫీసరు. ఇప్పటి పిల్లలు ఆ మూడక్షరాలు వింటే స్వచ్ఛంద సంస్థ అనుకుంటారు గనుక వివరించవలసి వస్తున్నది. పై ఉద్యోగుల నియామకం ప్రభుత్వం వారి గెజిట్టులో అచ్చవుతుంది. కింది ఉద్యోగిది అచ్చు కాదు. అయినా గౌరవానికి అతణ్ణీ "ఆఫీసరు" అన్నారు. అంటే గెజిట్టులో పేరు ఎక్కని ఆఫీసరు! తినడానికి కూలివాడితో సమానం, తొడగడానికి దొరతో సమానం. ఈ విడ్డూరాన్ని ఆత్రేయ పేరులోనే పట్టుకున్నారు. నాటకంలో పద్యాలు లేవు, రాగాలు లేవు, కిరీటాలు లేవు. ఉన్నది జీతం చాలని ఒక చిరుద్యోగి, అతణ్ణి నమ్ముకున్న ఇంటివాళ్లు, ఇంట్లో మాట్లాడుకునే మాటలు. 1953లో దీన్ని "గుమాస్తా" అనే సినిమాగా తీసినారు, చిత్తూరు నాగయ్యగారు నటించినారు. రాముడికీ త్యాగయ్యకూ భక్తి పద్యాలు పాడే కంఠం గుమాస్తాకు దొరకడం చిన్న గౌరవం కాదు.

అంతకు కొంచెం ముందు, 1947లో, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు రాసిన "మా భూమి" నాటకాన్ని ప్రజానాట్యమండలి దళాలు ఆంధ్రదేశమంతా ఆడినాయి. అందులో పాత్రలు నిజాం రాజ్యంలోని రైతులు. మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించినది. సామాన్యుడు నాయకుడు కావచ్చునని మొదట జనం చేత ఒప్పించినది ఆ నాటకమే అనవచ్చు. కాని ఆ రైతు దొరను ఎదిరించి నిలబడినాడు. పక్కన ఊరంతా ఉన్నది. గుమాస్తాకు ఎదిరించడానికి దొర ఎవరు? పక్కన ఎవరు? అతడి పోరాటం నాలుగు గోడల మధ్య, ఒక పద్దుల పుస్తకంతో. మా దృష్టిలో అందుకే అతణ్ణి నాయకుడిగా నిలబెట్టడం ఎక్కువ కష్టం.

విదేశాల్లో కూడా ఇదే సమస్య నడిచినది. జర్మనీలో గెయోర్గ్ బ్యుఖ్‌నర్ అనే యువకుడు 1836 ప్రాంతంలో "వొయ్‌త్సెక్" అనే నాటకం మొదలుపెట్టి, పూర్తి కాకుండానే 23వ ఏట చనిపోయినాడు. దానిలో నాయకుడు ఒక పేద సిపాయి. నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని ఒక డాక్టరు ప్రయోగానికి ఒప్పుకొని బఠాణీలు మాత్రమే తిని బతుకుతాడు. ఆ నాటకాన్ని రంగంమీద చూడడానికి 1913 దాకా ఎవరికీ తీరిక లేకపోయినది!

ఇంగ్లండులో 1910లో గాల్స్‌వర్దీ "జస్టిస్" అనే నాటకం ఆడించినాడు. నాయకుడు ఫాల్డర్ ఒక లాయరు ఆఫీసులో చిన్న గుమాస్తా. భర్త చేత దెబ్బలు తింటున్న ఒక స్త్రీని కాపాడి దూరదేశం తీసుకుపోవాలని, తొమ్మిది పౌనుల చెక్కును తొంభైగా దిద్దుతాడు. దొరికిపోతాడు; జైలులో ఒంటరికొట్టులో మగ్గుతాడు; బయటకు వచ్చినా ఆ మచ్చ వదలదు; చివరకు ప్రాణాలు తీసుకుంటాడు. ఒంటరికొట్టు దృశ్యంలో మాటలే లేవట. ఆనాటి హోంమంత్రి చర్చిల్ ఆ నాటకం చూచినాడు. ఖైదీలను ఒంటరిగా ఉంచే కాలాన్ని ఆ ప్రభుత్వం తగ్గించినది. ఒక గుమాస్తా కథ ఒక దేశం జైళ్ల తలుపును కొంచెం తెరిచినదన్న మాట.

ఫాల్డర్ కథ మొదటిసారి చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. దానికి కారణం ఉన్నది. చెప్పుకుంటే చిన్నతనమే గాని చెబుతాము. కొన్నేళ్ల కిందట ఒక పండుగ రద్దీ రోజున డ్యూటీ దిగేటప్పుడు కాష్ లెక్క చూస్తే 410 రూపాయలు తక్కువ వచ్చినది. మూడుసార్లు లెక్కపెట్టినాము. తక్కువే. తక్కువ వచ్చినది ఎవరి చేతి తప్పయినా సొంత జేబులో నుంచి పూడ్చాలి. అది నియమం, న్యాయమే. పూడ్చినాము. ఇంటికి వచ్చి మా ఇంటావిడతో, ఆ డబ్బు ఒక స్నేహితుడికి అవసరమైతే అప్పు ఇచ్చినామని చెప్పినాము. ఎందుకు అబద్ధమాడినామో ఇప్పటికీ సరిగా చెప్పలేము. లెక్క తప్పిన గుమాస్తాగా ఇంట్లో కనిపించడం ఇష్టం లేకపోయినది. నాలుగు నెలల తరువాత ఆమె "ఆ స్నేహితుడు ఇంకా ఇవ్వలేదా?" అని అడిగితే, ఇచ్చినాడని చెప్పి మరో 410 ఎక్కడి నుంచి తేవాలా అని చూసుకోవలసి వచ్చింది. నవ్వు వచ్చే సంగతే. కాని ఫాల్డర్ తొమ్మిది పక్కన సున్నా చేర్చిన క్షణం ఎంత దగ్గరలో ఉంటుందో ఆ నాలుగు నెలల్లో తెలిసినది.

అమెరికాలో ఆర్థర్ మిల్లర్ నాటకం "డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్" 1949 ఫిబ్రవరి 10న న్యూయార్కులో మొరాస్కో థియేటరులో మొదటిసారి ఆడినారు. ఆత్రేయ నాటకం కాలమూ దాదాపు అదే. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం లేదు. మిల్లర్ నాయకుడు విల్లీ లోమన్ అరవై మూడేళ్లవాడు. ఒకే కంపెనీ సరుకు ఊరూరా తిరిగి అమ్మి ముసలివాడైనాడు. కంపెనీ అతడి జీతం తీసివేసి కమీషను మీద మాత్రమే ఉంచింది. ఆ సంగతి భార్యకు చెప్పడు. పొరుగున ఉన్న చార్లీ దగ్గర వారానికి 50 డాలర్లు అప్పు తెచ్చి, అదే తన సంపాదన అని ఇంట్లో ఇస్తుంటాడు. ఆ భాగం చదువుతున్నప్పుడు మాకు పుస్తకం మూసివేయాలనిపించినది. భార్య లిండాకు అంతా తెలుసు, తెలిసినట్లు కనపడదు. భర్త పేరు ఏనాడూ పత్రికకెక్కలేదని ఒప్పుకుంటూనే, అతడి బాధను చూడకుండా పోవడానికి ఎవరికీ హక్కు లేదని కొడుకులతో వాదిస్తుంది. చివరకు ఇన్సూరెన్సు డబ్బు కోసం విల్లీ కారు గుద్దుకొని చనిపోతాడు. ఎందరో వస్తారనుకున్న అంత్యక్రియలకు ఇంటివాళ్లూ, చార్లీ, అతని కొడుకూ తప్ప ఎవరూ రారు.

రాజులు కానివారికి విషాద నాయకత్వం ఎట్లా ఇస్తావని విమర్శకులు మిల్లర్‌ను అడిగినారు. ఆ నెలలోనే న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఆయన వ్యాసం రాసినాడు. దాని సారాంశం ఇది: తన మర్యాదను, ఈ లోకంలో తనకు న్యాయంగా రావలసిన స్థానాన్ని నిలుపుకోవడానికి ప్రాణమైనా ఒడ్డడానికి సిద్ధపడినవాడు ఎవరైనా విషాద నాయకుడే, అతడి తలమీద కిరీటం ఉన్నదా లేదా అన్నది ప్రశ్న కాదు.

దీనికి ఎదురు చెప్పేవారు ఉన్నారు. వారి వాదం తేలికగా తోసివేయదగినది కాదు. జీతం చాలకపోవడం దైన్యమే గాని విషాదం కాదనీ, హరిశ్చంద్రుడు మాట కోసం పడినాడు, గుమాస్తా తూకం చాలక పడినాడు, జీతం నూరు రూపాయలు పెంచితే నాటకమే ఉండదనీ వారంటారు. మేము చాలాకాలం ఈ వాదానికి సమాధానం లేక ఊరుకున్నాము. సమాధానం దొరికినది మా ఇంట్లోనే.

మా తాతగారు విశాఖపట్నం జిల్లా నుంచి మాచ్‌ఖండ్ ప్రాజెక్టులో పనికి వచ్చినవారు. జాలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టి, డుడుమా జలపాతపు నీటిని లోయలోని పవర్‌హౌసుకు దింపి కరెంటు తీసే ఈ పథకం ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాలు రెండిటిదీ. 1955 ఆగస్టులో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్‌గారు దీనికి ప్రారంభోత్సవం చేసినారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ కొరాపుట్ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోనిదే గనుక, మన తాతలు వచ్చినది పరదేశానికి కాదు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు తెలుగులోనూ ఒడియాలోనూ కవి, నాటకకర్త, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు మహాదాత. అయితే మన కాలనీల దీపాలు వెలగడానికి గదబ, పరజ గ్రామాలు నీట మునిగినాయి. వాళ్ల కథను నాటకంగా మేము చూడలేదు. రాయవలసినవారు బహుశా వాళ్లలోనే పుడతారు.

తాతగారిది మస్టర్ రోల్ రాసే పని. ఎవరు పనికి వచ్చినారు, ఎన్ని రోజులు, ఎంత కూలి, ఎదురుగా వేలిముద్ర. సొరంగంలో పనిచేసినవాళ్ల పేర్లు ఆ కాగితాల మీద తప్ప మరెక్కడా రాసి ఉండవని ఆయన అనేవారు. 1960ల మొదట్లో కాలనీ కుర్రవాళ్లు "ఎన్.జి.ఓ." నాటకం వేసినారు. గుమాస్తా వేషం తాతగారికి వచ్చినది. దుస్తులు తేనక్కరలేదు గదా, అందుకని! ఆఫీసుకు తొడుక్కుపోయే చొక్కాతోనే రంగమెక్కినారు. మోచేయి దగ్గర నాయనమ్మగారు వేసిన అతుకు కూడా దానికి ఉన్నది. మొదట జనం ఈలలు వేసి నవ్వినారట. కొంచెం సేపటికి నవ్వులు ఆగిపోయినాయట. ఆయన బాగా నటించినారని పేరు వచ్చినది.

మర్నాడు పొద్దున్న పక్క క్వార్టరులోని ఆవిడ కొంగు చాటున ఒక చిన్న గిన్నెలో బియ్యం పట్టుకొని మా ఇంటికి వచ్చినారు. "వదినా, ఇంత ఇబ్బందిగా ఉంటే నాతో ఒక మాట చెప్పకూడదా? మేము పరాయివాళ్లమా?" అని అడిగినారు. నాయనమ్మగారు, అది నాటకమమ్మా అని ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. బియ్యం పెట్టి వెళ్లిపోయినారు. నాయనమ్మగారు ఆ రోజంతా అన్నం తినలేదట. ఎందుకంటే, ఆ నెల ఇంట్లో నిజంగానే బియ్యం నిండుకున్నవి. ఆ సంగతి ఆమెకూ తాతగారికీ తప్ప ఎవరికీ తెలియదు. "సంసారం గుట్టు, రోగం రట్టు" అన్న సామెత ప్రకారం ఆమె కాపాడుకుంటూ వచ్చిన గుట్టును తాతగారు నలుగురి ముందూ దీపాలు పెట్టి చూపించినట్లయినది. ఇక ముందు వేషం కడితే తాను పుట్టింటికి పోతానన్నారు. తాతగారు మళ్లీ రంగమెక్కలేదు. అతుకు చొక్కా తొడుక్కోవడం మాత్రం మానలేదు.

మాకు దొరికిన సమాధానం ఇది. హరిశ్చంద్రుడు రాజ్యం పోగొట్టుకుంటే అయోధ్య అంతా చూచినది. కాశీ వీథిలో వేలం వేస్తే లోకమంతా విన్నది. రాజు పతనానికి సాక్షులు కావలసినంతమంది. గుమాస్తా పడిపోవడం తలుపు వేసుకొని జరుగుతుంది. పడలేదని చూపించడానికే అతడి శక్తి అంతా ఖర్చు అవుతుంది: ఉతికిన చొక్కా, వారానికి 50 డాలర్లు, స్నేహితుడికి ఇచ్చిన లేని అప్పు. జీతం తక్కువ కావడం దైన్యమే, ఒప్పుకుందాము. కాని ఆ తక్కువను ఎవరికీ కనపడనివ్వకుండా తన మాట, తన మర్యాద నిలబెట్టుకోవాలని అతడు పడే పట్టుదల దైన్యం ఎట్లా అవుతుంది? హరిశ్చంద్రుడు మాటకు కట్టుబడినట్లే ఇతడు ఒక చొక్కాకు కట్టుబడినాడు. అదే అతడి గొప్పదనం, అదే అతడి పొరపాటు. పక్కింటావిడకు ముందే ఒక్క మాట చెప్పి ఉంటే బియ్యం ముందే వచ్చేవి. చెప్పడం అతడి వల్ల కాదు. అతడి పక్షాన చెప్పడానికే ఆత్రేయ నాటకం రాసినారని మా నమ్మకం. పెద్దాయన అడిగిన ఎత్తు ఎక్కడ ఉన్నదంటే, ఆ చెప్పకపోవడంలోనే ఉన్నది. పక్కింటావిడ దానిని కొలవకుండానే గుర్తుపట్టినారు. అరిస్టాటిల్ చెప్పిన జాలీ భయమూ రెండూ గిన్నెలో బియ్యంగా వచ్చినాయి.

ఈ సంగతులన్నీ మేము తరువాతి సమావేశంలో చెప్పినాము. పెద్దాయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, ఆ చొక్కా తనకు గుర్తున్నదన్నారు. ఆయన అప్పట్లో ఆ నాటకం చూచిన పిల్లల్లో ఒకరట! ఈల వేసినవాళ్లలో తానూ ఉన్నానని కూడా చెప్పినారు. కాటిసీను ముందు, ఎన్.జి.ఓ. భాగం తరువాత అని నిర్ణయమైనది. హరిశ్చంద్రుడి పద్యాలు తగ్గించకూడదని ఆయన షరతు. ఒప్పుకున్నాము. అవి ఆయనకూ ఇష్టం, మాకూ ఇష్టం.

రిహార్సళ్లు ఆదివారం సాయంత్రాలు మా ఇంటి వరండాలో జరిగినాయి. ఇద్దరు ముగ్గురికి డ్యూటీలు మార్చుకోవలసి వచ్చింది. గుమాస్తా వేషం మాకే ఇచ్చినారు. నాయనమ్మగారికి ఇప్పుడు ఎనభై ఏడేళ్లు. మంచం మీద నుంచే మాటలన్నీ విన్నారు. వేషం వేయవద్దని ఈసారి అనలేదు. నాటకం రోజున ముందు వరుసలో తనకు కుర్చీ వేయమన్నారు. ఇంకొక్కటి అడిగినారు: తెర తీసే ముందు, ఇది నాటకమేననీ, మా ఇంట్లో బియ్యం ఉన్నవనీ మైకులో ఒకటికి రెండుసార్లు చెప్పించమన్నారు.